అప్పు చేసి యాప్ కొనాలా? ఎంబీబీఎస్ మొదటి ఏడాది విద్యార్థినికి సమాధానం

ప్రశ్న: నేను ఒక కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలోనే చదివాను. మా నాన్న కౌలు రైతు. హాస్టల్లో నా తోటివారు చాలామంది వేల రూపాయలు కట్టి వీడియో పాఠాల యాప్‌లు తీసుకున్నారు. అవి లేకపోతే వెనకబడిపోతామని సీనియర్లు కూడా అంటున్నారు. నాన్నను అడిగితే అప్పు చేసైనా కడతారు, అందుకే అడగలేకపోతున్నాను. యూట్యూబ్‌లో ఉచిత పాఠాలు చూస్తున్నాను గానీ ఇంగ్లిష్ చాలా వేగంగా ఉంటోంది. రాత్రి రెండు వరకు చూసినా మర్నాటికి ఏమీ గుర్తుండటం లేదు. మా కళాశాలలో కొన్ని విభాగాల్లో అధ్యాపకులు తక్కువ. యాప్‌ల వీడియోలు టెలిగ్రామ్‌లో ఉచితంగా దొరుకుతాయని కొందరు చెబుతున్నారు, తీసుకోవచ్చా? ఏఐ చాట్‌బాట్‌ను అడిగి చదువుకోవచ్చా? నా దగ్గరున్నది ఒక మామూలు ఫోను, రోజుకు ఒకటిన్నర జీబీ డేటా. వీటితో బాగా చదవగలనా?

— ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మా, మీ అసలు ప్రశ్నకు ముందుగా సూటిగా సమాధానం చెబుతాను. మొదటి సంవత్సరంలో ఏ యాప్ కోసమూ మీ నాన్నగారి చేత అప్పు చేయించవద్దు. మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదిది, చాలాకాలం వైద్య విద్యార్థులకు పాఠం చెప్పినవాడిగా ఆలోచించి చెబుతున్నాను. ఇప్పుడు అమ్ముడవుతున్న వీడియో పాఠాలలో ఎక్కువ భాగం పీజీ ప్రవేశ పరీక్షను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. ఇచ్చిన నాలుగు జవాబులలో సరైనది గుర్తుపట్టడం ఆ పరీక్షకు కావాలి. మీకు ఈ ఏడాది కావలసింది వేరు. బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, వ్యాసరూపంలో సమాధానం రాయాలి. భౌతికకాయాన్ని కోసి చూసే డిసెక్షన్ టేబుల్ మీద నరాన్ని ఫోర్సెప్స్‌తో ఎత్తి చూపిస్తూ అది ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, చెప్పాలి. మైక్రోస్కోప్ కింద ఉన్నది క్లోమమో, చెవి దగ్గరి లాలాజల గ్రంథో పోల్చుకోగలగాలి. తోటి విద్యార్థి చేతికి కఫ్ కట్టి రక్తపోటు సరిగ్గా చూడగలగాలి. వీటిలో ఏ ఒక్కటీ యాప్ కొన్నందువల్ల దానంతట అది రాదు. ముందుముందు పీజీ పరీక్షకు అలాంటి సాయం అవసరమని మీకే అనిపిస్తే, హౌస్ సర్జన్సీలో వచ్చే స్టైపెండ్‌తో మీ డబ్బుతో మీరే కొనుక్కోవచ్చు. అప్పటికి ఏది మంచిదో తేల్చుకొనే శక్తి కూడా మీకు వచ్చి ఉంటుంది.

ఉచితంగా దొరికేవాటితో ఎంబీబీఎస్ చదవవచ్చా అంటే, మంచి పాఠ్యపుస్తకాన్నీ డిసెక్షన్ హాల్‌నూ వదలకుండా ఉంటే నిశ్చయంగా చదవవచ్చు. మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది డబ్బు విషయం కాదు, రాత్రి రెండు వరకు చూసినా ఏమీ గుర్తుండటం లేదన్న వాక్యం. వేలు పోసి యాప్ కొన్నవారికి కూడా ఇదే జరుగుతోంది, కాకపోతే వారు పైకి చెప్పుకోరు. ఉచిత పాఠాలకు అంతులేదు, ఒకటి ముగిసేలోగా పక్కన మరో పది కనిపిస్తాయి. ఎవరు బాగా చెబుతారో వెతుక్కుంటూ ఒకే పాఠాన్ని నలుగురి దగ్గర విని, ఒక్కసారైనా పుస్తకం తెరవకుండా నిద్రపోయిన విద్యార్థులను నేను ఎరుగుదును. అందుకే మొదట ఏం చదవాలో, ఎంతవరకు చదవాలో తేల్చుకోవాలి. ఏ వీడియో చూడాలన్నది ఆ తరువాతి సంగతి.

దానికి మీ చేతిలోనే ఒక పత్రం ఉంది. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక ఉచితంగా దొరుకుతుంది. 2019లో చేరిన బ్యాచ్ నుంచి అమలులోకి వచ్చిన ఈ ప్రణాళికను 2024లో సవరించారు కనుక కొత్త ప్రతినే దించుకోండి. అందులో ప్రతి అంశానికీ ఒక సంఖ్య ఉంటుంది. శరీర నిర్మాణం చెప్పే అనాటమీవి ఏఎన్ అక్షరాలతోనూ, శరీర ధర్మం చెప్పే ఫిజియాలజీవి పీవై అక్షరాలతోనూ, బయోకెమిస్ట్రీవి బీఐ అనే రెండక్షరాలతోనూ మొదలవుతాయి. ఆ అంశం మీకు తెలిస్తే చాలా, ఎలా చేయాలో చెప్పగలగాలా, చేసి చూపించాలా, ఎవరి సాయమూ లేకుండా సొంతంగా చేయగలగాలా అన్న నాలుగు మెట్లలో ఏదో ఒకటి ప్రతి దాని ఎదుటా రాసి ఉంటుంది. ఏది తప్పనిసరో, ఏది అదనమో కూడా చెబుతారు. ఈ వారం తరగతిలో జరుగుతున్న అంశాల పేజీలను ప్రింటు తీయించి టేబుల్ ముందు అంటించుకోండి. ఏ వీడియో తెరిచినా ఆ జాబితాలో ఉన్న ఒక అంశం కోసమే తెరవాలి, అది అర్థం కాగానే మూసేయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మీ రాత్రి మేలుకోవడం సగానికి పైగా తగ్గుతుందని నా నమ్మకం.

ఒక అంశాన్నే తీసుకొని ఎలా చదవాలో చెబుతాను. చేతికి నరాలను పంపే బ్రేకియల్ ప్లెక్సస్ ఈ పాటికి మీకు పరిచయమై ఉంటుంది. దాన్ని చూసి భయపడని మొదటి ఏడాది విద్యార్థి ఉండడు. తరగతికి ముందు రోజు పాఠ్యపుస్తకంలో ఆ నాలుగైదు పేజీలు నెమ్మదిగా, అర్థం కాకపోయినా సరే, ఒకసారి చదవండి. తరువాత పది నిమిషాలకు మించని ఒకే ఒక్క వీడియో చూడండి. అది చూసేటప్పుడు చేతిలో పెన్సిల్ ఉండాలి. వీడియో ఆపేసి, పుస్తకం మూసేసి, తెల్ల కాగితం మీద ఐదు మూలాలు, మూడు ట్రంకులు, ఆరు డివిజన్లు, మూడు కార్డులు, వాటి నుంచి వచ్చే కొమ్మలు జ్ఞాపకం మీద గీయండి. ఎక్కడో ఆగిపోతారు. ఆగిపోయిన చోటే మీరు చదవవలసింది ఉంది. పుస్తకం తెరిచి ఆ ముక్క మాత్రమే చూసుకొని, కాగితం పక్కన పడేసి, కొత్త కాగితం మీద మళ్ళీ మొదటి నుంచి గీయండి. మర్నాడు డిసెక్షన్ హాల్లో చంకలో కొవ్వు తీసేసిన తరువాత ఆక్సిలరీ ధమని చుట్టూ ఆ మూడు కార్డులనూ మీ వేలితో తాకి చూడండి. తెర మీద రంగురంగులుగా, దేనికది విడివిడిగా కనిపించిన నరాలు అక్కడ ఒకే రంగులో, ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. ఆ తేడాను కళ్ళారా చూసినవారికే వైవాలో నోరు పెగులుతుంది.

మళ్ళీ చదవడం కన్నా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించడం ఎక్కువ మేలు చేస్తుందనడానికి మంచి ఆధారం ఉంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కళాశాల విద్యార్థుల చేత చిన్న వ్యాసాలు చదివించారు. కొందరి చేత అదే వ్యాసాన్ని రెండోసారి చదివించారు, మరికొందరి చేత చదివినది చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవారే కొంచెం ముందున్నారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం, చూడకుండా రాసినవారికి సుమారు 56 శాతం గుర్తుండగా రెండుసార్లు చదివినవారికి 42 శాతమే గుర్తుంది. మీకు రాత్రి అంతా తెలిసినట్టు అనిపించి తెల్లారేసరికి మాయమవడానికి కారణం ఇదే. వీడియో ముగియగానే కలిగే ఆ తృప్తిని నమ్మకండి.

దీన్ని రోజువారీ అలవాటుగా మార్చుకోవడానికి ఆంకీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాన్ని ఆంకీడ్రాయిడ్ పేరుతో వాడుకోవచ్చు. ఒకసారి దించుకొన్నాక నెట్ లేకపోయినా పనిచేస్తుంది కనుక మీ ఒకటిన్నర జీబీ మీద భారం పడదు. ఒక ప్రశ్న చూపిస్తుంది, జవాబు మీరు మనసులో చెప్పుకొన్నాక నొక్కితే అసలు జవాబు చూపిస్తుంది. తేలిగ్గా చెప్పగలిగినది మళ్ళీ చాలా రోజులకు వస్తుంది, తడబడినది త్వరలోనే మళ్ళీ ఎదురవుతుంది. ఇతరులు తయారుచేసిన వేలకొద్దీ కార్డులు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి గానీ మొదటి ఏడాది వాటి జోలికి పోవద్దు. అవి చాలావరకు అమెరికా పరీక్షల కోసం చేసినవి, పైగా కార్డు తయారుచేయడంలోనే సగం చదువు అయిపోతుంది. కార్డు మీద పెద్ద జాబితా రాయకండి. "రేడియల్ నరం గురించి రాయుము" అన్నది కార్డుకు తగిన ప్రశ్న కాదు. "చేతి ఎముక హ్యూమరస్ మధ్యలో విరిగింది, మణికట్టు పైకి లేవడం లేదు, దెబ్బతిన్న నరం ఏది, ఎముకకు ఎక్కడ ఆనుకొని పోతుంది?" అని రాసుకోండి. మణికట్టు వాలిపోవడానికి అనాటమీ కారణం చెప్పడం మీ ప్రణాళికలో విడిగా ఒక అంశంగా కూడా ఉంది. రోజుకు కొత్తవి పదో పదిహేనో మించకుండా చూసుకోండి. ఉత్సాహంలో వందలు పెట్టుకొన్నవారు నెల తిరక్కుండా మానేయడం ఎన్నోసార్లు చూశాను.

ఇక ఏ వనరులు అంటారా. పేర్లు చాలా చెప్పి మిమ్మల్ని కంగారు పెట్టను. ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉన్నవారికి మొదటి మెట్టుగా రైస్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌స్టాక్స్ ప్రచురించిన అనాటమీ, ఫిజియాలజీ పుస్తకాన్ని సూచిస్తాను. అది పూర్తిగా ఉచితం, పీడీఎఫ్ దించుకొంటే నెట్ లేకుండానే చదువుకోవచ్చు, భాష సరళంగా ఉంటుంది. ఎంబీబీఎస్ స్థాయికి అది చాలదు, కానీ మూత్రపిండంలో వడపోత ఎలా జరుగుతుందో, గుండె ఒక్కసారి కొట్టుకొనేటప్పుడు ఏ కవాటం ఎప్పుడు మూసుకొంటుందో ముందు అందులో చదివి, ఆ తరువాత మీ పాఠ్యపుస్తకానికి వెళితే దారి సులువవుతుంది. కణజాలాలను మైక్రోస్కోప్ కింద చూసి చదివే హిస్టాలజీకి మిషిగన్ విశ్వవిద్యాలయం తమ మైక్రోస్కోప్ స్లైడ్లను నెట్‌లో అందరికీ తెరిచి పెట్టింది. ఫోను మీద వేలితో దగ్గరికి జరుపుకొంటూ చూడవచ్చు. ల్యాబ్‌లో ఒక మైక్రోస్కోప్‌కు నలుగురు పోటీ పడే చోట ఇది చాలా పెద్ద సాయం. ఈసీజీ మొదలుపెట్టినప్పుడు లైఫ్ ఇన్ ది ఫాస్ట్ లేన్ వారి ఈసీజీ గ్రంథాలయం, ఎక్స్‌రేలు, సీటీ స్కాన్‌లు చూడవలసి వచ్చినప్పుడు 2005లో ఆస్ట్రేలియాలో మొదలైన రేడియోపీడియా, రెండూ ఉచితమే. ఒక విషయం మీద నమ్మదగిన చిన్న వ్యాసం కావాలంటే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్‌లో స్టాట్‌పెర్ల్స్ వ్యాసాలు ఉన్నాయి. అక్షరాలే కనుక డేటా ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

అదే గ్రంథాలయం చేసిన మరొక పనిని గురించి చెప్పకుండా ఉండలేను. 1994లో వారు విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్టు పేరిట ఒక పురుషుని భౌతికకాయాన్ని గడ్డకట్టించి, తల నుంచి పాదం వరకు ఒక్కో మిల్లీమీటరు మందాన అడ్డంగా పొరలు తీస్తూ ప్రతి పొరనూ ఫొటో తీసి విడుదల చేశారు. మరుసటి ఏడాది ఒక స్త్రీ శరీరాన్ని అంతకన్నా సన్నగా, మిల్లీమీటరులో మూడో వంతు మందాన తీశారు. 2019 నుంచి వాటిని వాడుకోవడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. డిసెక్షన్‌లో మీరు శరీరాన్ని పైనుంచి లోపలికి పొరలు పొరలుగా చూస్తారు, సీటీ స్కాన్ దాన్ని అడ్డకోతలో చూపిస్తుంది. ఈ రెండు చూపులకూ మధ్య ఉన్న దూరాన్ని ఆ బొమ్మలు పూడుస్తాయి. పొట్ట డిసెక్షన్ జరిగే వారాల్లో కాలేయం, క్లోమం, మూత్రపిండాలు ఒకే కోతలో ఎలా పక్కపక్కన కూర్చుంటాయో ఒక సాయంత్రం చూడండి.

యూట్యూబ్ పాఠాల వేగం గురించి రాశారు. వేగాన్ని ముప్పావుకు తగ్గించి, అక్షరాలు కనిపించేలా పెట్టుకొని చూడండి. అసలు మందు మాత్రం ముందుగా పుస్తకం చదవడమే. పదాలు కంటికి పరిచయమైతే చెవి వాటిని పట్టుకొంటుంది. చదివిన తరువాత రూమ్మేట్‌కు దాన్ని తెలుగులో వివరించండి. ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచి ఆల్వియోలస్ అన్న పేరు ఇంగ్లిష్‌లోనే ఉండనీయండి, అక్కడ ప్రాణవాయువు రక్తంలోకి ఎందుకు దిగుతుందో మాత్రం మీ మాటల్లో చెప్పండి. చెప్పలేకపోతే అర్థం కాలేదని గుర్తు. తెలుగు మాధ్యమంలో చదివానని మీరు చిన్నబుచ్చుకొన్నట్టు ఉత్తరం చదివితే అనిపించింది, అది వద్దు. రెండేళ్ళు తిరిగేసరికి మీరు వార్డులో ఉంటారు. "అరికాళ్ళు మంటలమ్మా, నడుస్తుంటే దూది మీద నడిచినట్టుంటుంది" అని ఒక పెద్దాయన చెప్పినప్పుడు మంట వేరు, తిమ్మిరి వేరు, స్పర్శ తెలియకపోవడం వేరు అని గ్రహించి, తరువాతి ప్రశ్న సరిగ్గా వేయగలిగేది ఆ భాషలో పుట్టి పెరిగినవారే.

విదేశీ పాఠాలతో ఉన్న చిక్కు మరొకటుంది, దీన్ని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వాటిలో శరీర నిర్మాణం, శరీర ధర్మం మనకూ వారికీ ఒకటే గనుక మొదటి ఏడాది పెద్ద తేడా తెలియదు. కానీ ఆ జ్ఞానాన్ని ఏ రోగి దగ్గర వాడాలన్నది మాత్రం మారిపోతుంది. ఫిజియాలజీ ల్యాబ్‌లో మీరు వేలికి సూది గుచ్చి, సన్నని గాజు గొట్టంలోకి రక్తం తీసుకొని, అర నిమిషానికోసారి కొంచెం కొంచెం విరుస్తూ, రక్తం గడ్డకట్టిందని తెలిపే ఫైబ్రిన్ పోగు ఎప్పుడు కనిపిస్తుందా అని చూసే క్లాటింగ్ టైమ్ ప్రయోగం ఉంది కదా. పరీక్ష కోసమే చేసే పాతకాలపు తంతుగా చాలామంది దాన్ని తీసిపారేస్తారు. వానాకాలంలో ఏ జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళినా దాని అన్నగారు కనిపిస్తాడు. పొలంలో పాము కరిచిందని తెచ్చిన మనిషికి సిర నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన, పొడి గాజు టెస్ట్ ట్యూబులో వేసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచుతారు. తరువాత ఒకసారి వంచి చూస్తారు. అప్పటికీ రక్తం గడ్డకట్టక నీళ్ళలా కారితే విషం రక్తానికి ఎక్కిందన్నమాట. రక్తపింజర విషం గడ్డకట్టే ప్రక్రియలోని పదో కారకాన్నీ ఐదో కారకాన్నీ ప్రేరేపించి, ఫైబ్రినోజెన్ అంతటినీ ఖర్చు చేసేస్తుంది గనుక ఇక గడ్డ కట్టడానికి ఏమీ మిగలదు. ట్యూబు గాజుదే ఎందుకై ఉండాలి? గాజు తగిలితేనే పన్నెండో కారకం మేల్కొని ప్రక్రియ మొదలవుతుంది, ప్లాస్టిక్ ట్యూబులో ఆ పని సరిగ్గా జరగదు. సబ్బుతో కడిగిన ట్యూబు వాడినా ఫలితం తప్పుగా రావచ్చు. మీరు బట్టీ పడుతున్న ఆ కారకాల పటం, ఒక రైతుకు పాము విషానికి విరుగుడైన యాంటీవీనమ్ ఎక్కించాలా వద్దా అన్న నిర్ణయంగా మారేది ఇక్కడే. అమెరికా ప్రశ్నల బ్యాంకు ఎంత గొప్పదైనా ఇది నేర్పదు.

ఇలాంటివాటికి మన దేశపు ఉచిత వనరులనే చూడాలి. భారత వైద్య పరిశోధన మండలి 2019 నుంచి విడుదల చేస్తున్న ప్రామాణిక చికిత్సా క్రమాలు ఒక్కో జబ్బుకు ఒక్కో పేజీ పటంగా ఉంటాయి. కేంద్ర ఆరోగ్య శాఖ జాతీయ కార్యక్రమాల మార్గదర్శకాలు కూడా ఉచితమే. ఇప్పుడే చదవనక్కర్లేదు, ఉన్నాయని తెలిసి ఉంటే చాలు. ఏది చదివినా తేదీ చూసే అలవాటు మాత్రం ఇప్పటి నుంచే చేసుకోండి. ఒకప్పుడు మన దేశంలో క్షయకు వారానికి మూడుసార్లు మందులు ఇచ్చేవారు. 2017లో దేశమంతటా రోజూ మందు వేసే పద్ధతికి మార్చారు, 2020లో జాతీయ క్షయ కార్యక్రమం పేరు కూడా మార్చారు. పాత పద్ధతిని చక్కగా బొమ్మలు వేసి బోధించిన వీడియోలు మాత్రం ఎవరూ తీసేయలేదు, వెతికితే ఇప్పటికీ ముందుకొస్తాయి. పాఠం చెప్పినవారెవరు, ఏ దేశం, ఏ సంవత్సరం అన్న మూడు ప్రశ్నలు వేసుకోకుండా చికిత్సకు సంబంధించిన ఏ వీడియోనూ నమ్మవద్దు.

టెలిగ్రామ్‌లో దొరికే దొంగ వీడియోలు తీసుకోకండి. చట్టం ఒప్పుకోదన్నది ఒక కారణం. ఎవరో ముక్కలు చేసి పెట్టిన ఫైళ్ళతో పాటు మీ ఫోనులోకి ఇంకేం వస్తుందో తెలియదన్నది మరొకటి. వీటికన్నా నాకు ముఖ్యమైనది వేరే ఉంది. వందల గంటల వీడియోలు ఫోనులో నింపుకొన్న క్షణం నుంచి, వాటిని చూడలేకపోతున్నానన్న బెంగ మొదలవుతుంది. మీకు ఆ భారం ఎందుకు? పుస్తకాల ఖర్చు తగ్గించుకోవడానికి ధర్మమైన దారులు చాలా ఉన్నాయి. రెండో ఏడాదికి వెళ్ళిన సీనియర్లు పాత ఎడిషన్లను తక్కువ ధరకు ఇచ్చేస్తారు, మొదటి ఏడాది సబ్జెక్టులలో ఒక ఎడిషన్ వెనకబడితే నష్టమేమీ లేదు. కళాశాల గ్రంథాలయంలో ఏమున్నాయో ఒకసారి కూర్చొని చూడండి, లైబ్రేరియన్‌తో పరిచయం పెంచుకోండి. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల నుంచి దాదాపు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మీ కళాశాల అందులో నమోదైందో లేదో లైబ్రేరియన్‌నే అడగండి. మొదటి ఏడాది మీకు పత్రికల అవసరం తక్కువ, కానీ మీరు అడిగితే నమోదు కాని చోట నమోదు జరుగుతుంది, మీ సీనియర్లకు అక్కరకొస్తుంది.

ఏఐ చాట్‌బాట్‌ను వాడవచ్చు, కానీ గురువుగా కాదు, మిమ్మల్ని ప్రశ్నలు అడిగే తోటి విద్యార్థిగా. మీరు చదివిన అధ్యాయం పేరు చెప్పి, పది చిన్న ప్రశ్నలు అడగమనండి, జవాబులు మీరు రాసి, పుస్తకంతో మీరే సరిచూసుకోండి. అర్థం కాని పేరాను సరళమైన ఇంగ్లిష్‌లో గానీ తెలుగులో గానీ చెప్పమనడానికి కూడా పనికొస్తుంది. మందు మోతాదు, ల్యాబ్ విలువలు, నరం ఏ రంధ్రం గుండా బయటికి వస్తుంది వంటి కచ్చితమైన విషయాలకు దాని మాట తుది మాటగా తీసుకోకండి. తప్పు చెప్పినా అదే ధీమాతో చెబుతుంది, మొదటి ఏడాదిలో ఆ తప్పును పట్టుకొనే జ్ఞానం మీ దగ్గర ఇంకా ఉండదు. ఏదైనా పరిశోధన పేరు చెబితే ఆ శీర్షికను వైద్య పరిశోధన వ్యాసాల ఉచిత సూచిక అయిన పబ్‌మెడ్‌లో వెతకండి. లేని వ్యాసాలకు రచయితల పేర్లు, సంవత్సరం జోడించి చూపించడం దానికి మామూలే.

మీ కళాశాలలో అధ్యాపకులు తక్కువన్న విషయం నన్ను నిజంగా బాధించింది. కట్టడాలు లేచినంత త్వరగా బోధించేవారు రాలేదన్నది రెండు రాష్ట్రాల కొత్త కళాశాలల్లోనూ వింటున్న మాటే. ఆ లోటును ఫోను తీరుస్తుందని చెబితే మీకు అన్యాయం చేసినవాడినవుతాను. థియరీ తరగతి జరగకపోతే దాన్ని వీడియోతో చాలావరకు పూడ్చుకోవచ్చు. డిసెక్షన్, ప్రాక్టికల్స్ జరగకపోతే మాత్రం ఊరుకోవద్దు. నలుగురైదుగురు కలిసి, లిఖితపూర్వకంగా, మర్యాదగా విభాగాధిపతిని అడగండి. ఉన్న ట్యూటర్లను సాయంత్రం పూట అరగంట టేబుల్ దగ్గరికి రమ్మని బతిమాలండి. ఆసక్తితో అడిగిన పిల్లలను కాదనే ట్యూటర్ అరుదు. వీడియోలు ఉన్నాయి కదా అని తరగతులు ఎగ్గొట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే, థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరని గుర్తు చేయండి. ఆసుపత్రి మీ కళాశాలకు ఆనుకొనే ఉంది గనుక ఎవరి అనుమతితోనైనా అప్పుడప్పుడు ఓపీలో ఒక మూల నిలబడి చూడండి. కామెర్లు వచ్చిన మనిషి కళ్ళలో పసుపును పగటి వెలుతురులో ఒక్కసారి చూస్తే, ఆ పసుపుకు కారణమైన బిలిరుబిన్ పాఠం బయోకెమిస్ట్రీ పుస్తకంలో మరోలా కనిపిస్తుంది.

ఫోను విషయంలో ఒక హెచ్చరిక మిగిలింది. డిసెక్షన్ హాల్లో ఫొటోలు తీయకండి, తీసినవి వాట్సాప్ గ్రూపుల్లో వస్తే పంచకండి. తమ దేహాన్ని మీ చదువుకు ఇచ్చినవారి ఎదుట మీరంతా మొదటి రోజుల్లో ప్రమాణం చేసి ఉంటారు, ఆ ప్రమాణంలో ఇదీ ఒక భాగమే. రేపు వార్డులో రోగి పేరుగానీ, ముఖంగానీ, స్కాన్ మీద ముద్రించిన వివరాలుగానీ చాట్‌బాట్‌కైనా, స్నేహితులకైనా పంపకూడదన్న నియమం ఇప్పుడే మనసులో పెట్టుకోండి.

రోజును ఎలా గడపాలో కూడా అడిగారని అనుకొని చెబుతున్నాను. ఉదయం తరగతికి ముందు ఇరవై నిమిషాలు ఆంకీ. సాయంత్రం పుస్తకం, తరువాత కాగితం మీద బొమ్మలు. ఆ రోజు పాఠంలో నిజంగా ఆగిపోయిన చోట ఒకటో రెండో వీడియోలు, 480 నాణ్యత చాలు, హాస్టల్లో గానీ గ్రంథాలయంలో గానీ వైఫై ఉంటే ముందే దించిపెట్టుకోండి. పదకొండు తరువాత తెర వద్దు. నిద్రలోనే జ్ఞాపకాలు స్థిరపడతాయి గనుక రెండు వరకు మేలుకొని చూసినది, చూసిన శ్రమతో సహా పోతుంది. ఆదివారం పొద్దున వారం మొత్తంలో గీసిన బొమ్మల్లో మూడింటిని మళ్ళీ ఏమీ చూడకుండా గీయండి, ఆ తరువాత ఇంటికి ఫోన్ చేసి మీ నాన్నగారితో తీరిగ్గా మాట్లాడండి. యాప్ సంగతి కూడా దాచకుండా చెప్పండి, దాని అవసరం ఇప్పుడు లేదని, ఎందుకు లేదో కూడా చెప్పండి. ఎవరి ద్వారానో తెలిసి, అడగలేకపోయిందే నా బిడ్డ అని ఆయన బాధపడటం కన్నా అది మంచిది.

మొదటి ఇంటర్నల్స్ అయ్యాక ఏ సబ్జెక్టులో, థియరీలోనా వైవాలోనా, ఎక్కడ మార్కులు తగ్గాయో చూసుకొని మళ్ళీ రాయండి. ఆ ఒక్కదానికి ఏం చేయాలో అప్పుడు వివరంగా చెబుతాను.